పన్ను మినహాయింపుతో కొన్న బాపు కారు, బావకు వారం రోజులు ఇవ్వొచ్చా?

ప్రశ్న (హనుమకొండ నుంచి):

అందరికీ నమస్కారం. మా బాపుకు చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. వైకల్యానికి సదరం సర్టిఫికెట్ ఉంది. 2022లో జీఎస్టీ రాయితీతో చిన్న కారు కొని, చేత్తో నడిపేలా మార్పించాం. లైఫ్ టాక్స్ కూడా పడలేదు. ఇప్పుడు మా అక్క బిడ్డ పెళ్లి కుదిరింది. పత్రికలు పంచడానికి కరీంనగర్, హైదరాబాద్ తిరగాలి, వారం రోజులు కారు ఇమ్మని బావ అడుగుతున్నాడు. కాదంటే అక్క మనసు నొచ్చుకుంటుంది. ఇస్తే ఏమవుతుందోనని బాపుకు టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (కాజీపేట నుంచి):

చెల్లీ, నేనూ అలాంటి బండే నడుపుతాను. ముందు ఆర్సీ తీసి వాహనం రకం చూడండి. పాత మాట ప్రకారం ఇన్వాలిడ్ క్యారేజ్ అనో, అడాప్టెడ్ వెహికల్ అనో ఉంటుంది. ఈ రెండో మాట 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు వచ్చింది. వైకల్యం ఉన్న మనిషి కోసం తయారుచేసిన లేదా మార్పించిన బండి, ఆ మనిషే వాడాలి లేదా ఆ మనిషి కోసమే వాడాలి అని దాని అర్థం.

ఆ 'కోసమే' దగ్గరే మీ ప్రశ్నకు జవాబుంది. స్టీరింగ్ ఎప్పుడూ బాపే పట్టాలని లేదు. ఆయనను ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లడానికి మీరు నడిపినా, ఆయన మందుల కోసం మీ తమ్ముడు ఒక్కడే చౌరస్తా దాకా వెళ్లొచ్చినా అది బాపు పనే. బాపు ఇంట్లో ఉండగా బావ వారం రోజులు తన పని మీద తిరిగితే అది బాపు కోసం అనిపించుకోదు. పైగా హైదరాబాద్ దారిలో కోమళ్ల, గూడూరు టోల్‌గేట్లు రెండూ తగులుతాయి. టోల్ పడని మినహాయింపు ఫాస్టాగ్ ఉంటే, బాపు లేకుండా దానిమీద వెళ్లడం తప్పు.

ఇన్సూరెన్స్ సంగతి ఇంకా ముఖ్యం. ఇలా మార్పించిన బండికి సొంత డ్యామేజీ ప్రీమియంలో, అంటే మన బండికే జరిగే నష్టం కోసం కట్టే దాంట్లో, 50 శాతం తగ్గింపు ఉంటుంది. మీ పాలసీలో అది ఉందేమో చూడండి. యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ ఫారంలో ఎవరు నడిపారు, ఏ పని మీద వెళ్లారు అని అడుగుతారు. అబద్ధం రాయలేం, నిజం రాస్తే పేచీ రావచ్చు. ఇంకొకటి, పాలసీతో వచ్చే 15 లక్షల ప్రమాద బీమా ఓనర్‌కు మాత్రమే. బావకు దెబ్బ తగిలితే అందులోంచి ఏమీ రాదు.

చట్టం పక్కన పెట్టి నాకు జరిగింది చెప్తాను. 2024లో మేడారం జాతరకు మా మేనల్లుడు అడిగితే కాదనలేక ఇచ్చాను. స్టీరింగ్ కింద నాకొక ఇనుప లివర్ ఉంటుంది. ముందుకు నెడితే బ్రేకు, వెనక్కి లాగితే యాక్సిలరేటర్. వాడు కాళ్లతో నడిపేవాడు, ఎక్కినప్పుడూ దిగినప్పుడూ మోకాలు దానికే తగిలిందట. బండి తిరిగొచ్చేసరికి లివర్ బోల్టు వదులైంది, సీటు బాగా వెనక్కి జరిపి ఉంది. పొద్దున చూసుకోకుండా కూర్చున్నాను. ఫాతిమానగర్ బ్రిడ్జి దిగేటప్పుడు బ్రేకు నెడితే లివర్ పక్కకు ఊగింది, చెయ్యి పూర్తిగా అందలేదు. ముందున్న ఆటోకు జానెడు దూరంలో ఆగాను. వాడు పోయిన మూడు రోజులూ నేను గడప దాటలేదన్న సంగతి కూడా ఎవరికీ తోచలేదు. నడవగలిగిన మనిషి బస్సెక్కుతాడు. మీ బాపు వారం రోజులు ఎట్లా బయటికి వెళ్తారో ముందు ఆయననే అడగండి.

నా సలహా ఒకటే. మనవరాలి పెళ్లికి తాతే పిలవడానికి వెళ్లాలి. కరీంనగర్ చుట్టాల దగ్గరికి బాపునే నడపమనండి, బావ పక్కన కూర్చుంటాడు. ఇంట్లోకి ఎక్కలేని చోట బావ పత్రిక ఇచ్చి, వాళ్లనే కారు దగ్గరికి తీసుకొస్తాడు. హైదరాబాద్‌కు మాత్రం బావ కిరాయి బండి మాట్లాడుకోవడం మంచిది.

ఇంకొకరి ప్రశ్న (జగిత్యాల నుంచి):

అన్నా, మా నాయన ఇక నడపలేకపోతున్నాడు. రాయితీతో కొన్న ఆయన కారు నా పేరు మీదికి మార్చుకోవచ్చా?

జవాబు (కాజీపేట నుంచి):

జీఎస్టీ రాయితీ తీసుకునేటప్పుడు ఐదేళ్ల దాకా బండి అమ్మనని, ఇంకొకరి పేరు మీదికి మార్చనని మీ నాయన రాసి సంతకం చేసి ఉంటారు. ఆ కాగితం మీద తేదీ చూడు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లకు అందరికీ ఆ రాయితీ రేటే, 18 శాతమే అయింది కదా, పాత హామీ పోయిందనుకోవద్దు. ఐదేళ్లు దాటాక మార్చుకోవచ్చు. కానీ లైఫ్ టాక్స్ మినహాయింపు నాయనకు ఇచ్చింది, నీ పేరు మీదికి వస్తే ఆర్టీఓ లెక్క కట్టినంత కట్టాలి. లివర్ తీయిస్తే అది కూడా ఆర్సీలో మార్పించు. ఐదేళ్లు నిండేవరకు బండి నాయన పేరు మీదే ఉంచి, ఆయన పనులకు నువ్వు నడుపు తమ్ముడూ. లైసెన్స్ మాత్రం జేబులో ఉండాలి. లైసెన్స్ లేని మనిషికి బండి ఇస్తే ఓనర్‌కు 5,000 రూపాయల జరిమానా, అంటే నాయనకే.

ప్రశ్న అడిగిన చెల్లి:

అన్నా, మీరు రాసింది బాపుకు చదివి వినిపించాను. బావకు ఫోన్ చేసి తనే మాట్లాడాడు. ఆదివారం ఇద్దరూ కరీంనగర్ వెళ్తున్నారు. బాపు ఇప్పటికే సీటు సరిచేసుకుని, లివర్ బోల్టులు బిగించమని నన్ను కూర్చోబెట్టాడు.