కొబ్బరికాయ చూపిన బోరు పాయింటు: నాన్న నమ్మకాన్ని గౌరవించాలా?

చీనీతోట (అనంతపురం):
మాది నార్పల మండలం. నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట, ఆరేళ్ల చెట్లు. రెండు బోర్లలో ఒకటి నిరుడు ఎండింది, రెండోది గంట పోస్తే గంట ఆగుతుంది. మూడో బోరుకు నాన్న కొబ్బరికాయతో నీళ్లు చూసే ఆయనను పిలిచారు. ఆయన చెప్పులు విడిచి, తూర్పుకు దణ్ణం పెట్టి, కాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని చెట్ల వరుసల మధ్య నడిచారు. గట్టు దగ్గరి చెట్టు దాటగానే కాయ లేచి నిలబడింది. అప్పుడు నాన్న ముఖం చూడాలి! వెంటనే సున్నంతో గుర్తు పెట్టి, పసుపు కుంకుమ చల్లారు.

నేను ఊరుకోలేక, కళ్లకు తువ్వాలు కట్టుకుని మళ్లీ నడవమన్నాను. పాపం, ఆయన కాదనలేదు. ఈసారి కాయ ఇరవై అడుగుల అవతల లేచింది. మూడోసారి సున్నం గుర్తు మీదుగా నడిచినా కదల్లేదు. నాన్న నన్ను పక్కకు పిలిచి, “ఇంటికి పిలిచిన పెద్దమనిషికి పరీక్ష పెడతావా?” అన్నారు. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. వచ్చే వారం బోరు బండి వస్తోంది. నమ్మకం ఆయనది, అప్పు కాగితం మీద సంతకం నాది. ఏం చేయమంటారు?

పెన్నగట్టు (కడప):
తమ్ముడూ, నువ్వు చేసింది తప్పు. యంత్రం తెచ్చి చూపించిన చోట మేం 700 అడుగులు వేస్తే దుమ్ము లేచింది తప్ప చెమ్మ తగల్లేదు. కాయ లేచిన చోట పడిన నీళ్లు పదకొండేళ్లుగా పోస్తున్నాయి. రాజ్యాంగం 25వ అధికరణంలోనే మనస్సాక్షి స్వేచ్ఛ ఉంది. ఎవరి నమ్మకం వారిది.

రాతిపొర (కర్నూలు):
25 గుర్తున్నవారికి 51ఎ(హెచ్) కూడా గుర్తుండాలి. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అని 1976లో 42వ సవరణతో చేర్చారు. అయినా బోరు దగ్గర అధికరణాలెందుకు? రాయి సంగతి మాట్లాడుకుందాం. యంత్రంతో పాయింట్లు చూపించడమే నా పని.

అనంతపురంలో కింద ఎక్కువగా గ్రానైటు, నైసు అనే గట్టి రాళ్లు. నీళ్లు అడుగున ఏరులా పారవు. పైన శిథిలమైన పొరలో, దాని కింద రాతి పగుళ్లలో నిలుస్తాయి. మేం నాలుగు కడ్డీలు దిగ్గొట్టి, బయటి రెండింటి ద్వారా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తాం. చెమ్మ ఉన్న పొర కరెంటుకు తక్కువ అడ్డుపడుతుంది, గట్టి రాయి ఎక్కువ అడ్డుపడుతుంది. బంకమట్టి కూడా చెమ్మలాగే కనిపించి మోసం చేస్తుంది. కాబట్టి నేనూ పొడి బోర్లు చూపించాను, దాచుకోను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా అది. వానలు బాగా కురిసిన ఏడాది చాలాచోట్ల ఎంతో కొంత నీరు తగులుతుంది. ఆ ఏడాది కాయకూ పేరొస్తుంది, నాకూ పేరొస్తుంది.

తేడా ఎక్కడంటే, నా పాయింటు తప్పితే నా కొలతల కాగితం పట్టుకుని నన్ను నిలదీయవచ్చు. కాయ తప్పితే ఆ తప్పు రైతు మీద పడుతుంది. ఇంట్లో మైల ఉందంటారు, మంచి రోజు చూడలేదంటారు.

1987-88లో జర్మనీలోని మ్యూనిక్ దగ్గర ఈ విద్య మీద పెద్ద పరీక్షే జరిగింది. ఒక కొట్టంలో కింద నీటి గొట్టాన్ని బండి మీద పెట్టి అటూ ఇటూ జరిపారు. పై అంతస్తులో నడుస్తూ అది ఎక్కడుందో చెప్పాలి. సుమారు 500 మందిలోంచి 43 మందిని ఎంచి 843 సార్లు పరీక్షించారు.

పెన్నగట్టు (కడప):
ఆ పరీక్ష చేసినవాళ్లే కొందరికి ఈ శక్తి ఉందని తేల్చారు కదా, అది చెప్పరేం?

రాతిపొర (కర్నూలు):
నిజమే, వాళ్లు అలాగే అన్నారు. తర్వాత 1999లో ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త అవే అంకెలు మళ్లీ లెక్కగట్టారు. పది మీటర్ల గీత మీద ప్రతిసారీ కళ్లు మూసుకుని ‘మధ్యలో ఉంది’ అనేవాడికంటే, వాళ్లలో మేటి అనిపించుకున్నవాడు సగటున 4 మిల్లీమీటర్లే దగ్గరగా చెప్పాడు. బోరు బండి బిట్టు వెడల్పు అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది.

అయితే కాయ పట్టుకున్నాయన దొంగ అని నేననను. అరచేతిలో అలా పడుకోబెట్టిన కాయకు నిలకడ తక్కువ. తనకే తెలియకుండా చెయ్యి కాస్త కదిలితే చాలు, లేస్తుంది. ఆయన కూడా మనస్ఫూర్తిగానే నమ్ముతూ ఉండవచ్చు.

వార్డుదీపం (గుంతకల్లు):
నేను నర్సును. వానాకాలంలో మాకు పాముకాట్లు వస్తాయి. మంత్రం వేయించుకుని, చేతికి దారం కట్టించుకుని వస్తారు. కరిచిన ప్రతి పామూ విషపుది కాదు. విషపు పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండా కరుస్తుంది. వాళ్లంతా మంత్రం ఖాతాలో బతుకుతారు. మంత్రం దగ్గర ఆలస్యమై పోయినవాళ్లు మాత్రం ఆసుపత్రి ఖాతాలో పోతారు.

తాయెత్తు తీసేయమని నేనెవరితోనూ అనలేదు. మంత్రం పూర్తయ్యేదాకా సూది ఆపమంటే ఒక్కరి మాటా వినలేదు.

మనిషిని గౌరవించాలి గానీ నమ్మకాన్ని గౌరవించనక్కర్లేదని చాలామంది సులువుగా అనేస్తారు. మీ నాన్నగారు ఆ రెండింటినీ విడదీసి చూసుకోగలరా? ఆ పెద్దాయన కళ్లకు గంతలు కట్టించే ముందు రాత్రే మీరు ఇంట్లో కూర్చుని మాట్లాడి ఉండాల్సింది. పనివాళ్ల ముందు అడిగారు కాబట్టే ఆయనకు అంత కోపం.

పెన్నగట్టు (కడప):
ఈ మాట బాగుంది. నా బోరు విషయంలో మాత్రం నా కాయే గెలిచింది.

చీనీతోట (అనంతపురం):
నర్సు అక్కా, పనివాళ్లున్న మాట నేను రాయలేదు, ఎలా పట్టేశారు? ముగ్గురున్నారు.

నిన్న రాత్రి నాన్న దగ్గర కూర్చున్నాను. వాదించలేదు. ఆ పెద్దాయన కాయ పెట్టిన బోర్లు మన ఊళ్లో ఎన్నో చెప్పమన్నాను. మొదట నీళ్లు పడినవే చెప్పారు, నాలుగు. ఎండినవి అమ్మ వంటింట్లోంచి గుర్తుచేస్తూ పోయింది. పెద్దనాన్న వాళ్లది, గుడి వెనకది, మాదే ఎండిపోయిన మొదటి బోరు. చివరికి అన్నీ కలిపి పద్నాలుగు తేలాయి. “యంత్రం వాళ్లవి కూడా రాయి, వాళ్లను వదిలిపెడతావా?” అన్నారు నాన్న. అవి ఐదు, రెండు పొడివి. అవీ రాశాను.

ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. పొద్దున చూస్తే సున్నం గుర్తు దగ్గర ఒక్కరే నిలబడి ఉన్నారు. బండిని ఆపమని చెప్పలేదు. కర్నూలు అన్నా, యంత్రంతో చూడటానికి మీ వాళ్లు ఎంత తీసుకుంటారో కనుక్కోమని మాత్రం అమ్మతో చెప్పి పంపారు.