ఏడు ఫండ్లు ఉన్నా అన్నీ ఒకేసారి ఎందుకు పడుతున్నాయి?

లెక్కలమ్మ:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో డబ్బు లెక్కలు రాసేది నేను. కొనేది మాత్రం ఇద్దరం, గొడవంతా అక్కడే.

మాకు ఏడు మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయి. ఏ ఏడాదికా ఏడాది లిస్టులో పైన కనిపించినదాన్ని చేర్చుకుంటూ పోయాం. ఒకటి పడినా ఇంకోటి ఆదుకుంటుందనే కదా ఎవరైనా ఇన్ని కొనేది! ఈ మధ్య మార్కెట్ పడితే ఏడూ కూడబలుక్కున్నట్టు పడ్డాయి. అనుమానం వచ్చి అన్నిటి ఫ్యాక్ట్‌షీట్లూ (ఫండ్ డబ్బు ఏ కంపెనీల్లో ఉందో చెప్పే పత్రాలు) తెరిచి, టాప్ టెన్ కంపెనీలను ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టాను. ఐదింట్లో మొదటి వరసలో ఉన్న కంపెనీ ఒకటే. కింది వరసల్లో అవే పేర్లు అటూ ఇటూ మారాయంతే. ఫండ్ల పేర్లు చూస్తే మాత్రం ఒకటి గ్రోత్, ఒకటి ఫోకస్డ్, ఇంకోటి ఆపర్చునిటీస్.

రెండోది. మా ఆయన కొన్న ఒక షేరు 40 శాతం నష్టంలో ఉంది. "కొన్న రేటు రాగానే అమ్మేస్తా" అంటారు. ఈలోపు పడిన రేటుకి ఇంకొన్ని కొని యావరేజ్ చేద్దామని, అంటే సగటు కొన్న రేటు తగ్గించుకుందామని కొత్త ఆలోచన.

మూడోది. రెండేళ్లలో ఇంటికి కట్టాల్సిన డబ్బు సేవింగ్స్ అకౌంట్లో ఉంది. ధరలు పెరుగుతుంటే అది అక్కడే కరిగిపోతోందని ఆయన, దాన్ని ముట్టుకోవద్దని నేను. ఎవరిది కరెక్టో చెప్పండి. ఆయనా ఇవి చదువుతారు, మొహమాటం అక్కర్లేదు.

పాతకాపు:
అమ్మా, ఆ ఎక్సెల్ షీటే సగం జవాబు. ఒకే బావి నీళ్లు ఏడు బిందెల్లో పట్టుకున్నారు.

ఇలా ఎందుకవుతుందంటే, ఇండెక్స్ అంటే మార్కెట్‌ను కొలవడానికి ఎంచుకున్న కంపెనీల జాబితా. పెద్ద ఇండెక్సుల్లో ఎక్కువ భాగం కంపెనీ సైజును బట్టి వాటా ఇస్తాయి. అమెరికా ఇండెక్స్ ఎస్‌అండ్‌పీ 500లో పేరుకి 500 కంపెనీలున్నా, పై పదే మూడో వంతుకు మించి ఆక్రమించాయి. ఫండ్ మేనేజర్ పనితీరును కొలిచేది ఇండెక్స్‌తోనే. ఆ పెద్ద కంపెనీలను వదిలేసి, అవి పెరిగితే ఆయన ఉద్యోగానికే టెన్షన్. అందుకని అందరూ కొంచెం అటూ ఇటూగా అవే కొంటారు, మీ దగ్గర ఫీజు మాత్రం మేనేజ్‌మెంట్ పేరుతో తీసుకుంటారు.

ఇండెక్స్‌నే కొనేటట్టయితే తక్కువ ఖర్చుతో కొనొచ్చని అమెరికాలో వ్యాన్‌గార్డ్ ఫండ్ సంస్థ పెట్టిన జాన్ బోగుల్ 1976లోనే సామాన్యుల కోసం ఇండెక్స్ ఫండ్ మొదలుపెట్టారు. మీ షీట్‌లో ఎక్స్‌పెన్స్ రేషియోకి, అంటే ఫండ్ ఏటా తీసుకునే ఖర్చు శాతానికి, ఇంకో కాలమ్ పెట్టండి. లక్ష పెట్టి, ఖర్చులు తీయకముందు ఏటా 8 శాతం పెరిగిందనుకుందాం. ఏటా 0.2 శాతం ఖర్చయితే 30 ఏళ్లకు సుమారు 9.5 లక్షలు. 1.5 శాతం అయితే 6.6 లక్షలు. ఈ తేడా ఏ నెల స్టేట్‌మెంట్‌లోనూ విడిగా కనబడదు, ఎన్‌ఏవీలోంచే (ఒక్కో యూనిట్ విలువలోంచే) రోజూ కొంచెం కొంచెంగా తీసేస్తారు.

అలాగని రేపే అన్నీ అమ్మేయకండి. ముందు కొత్త డబ్బు ఒకటి రెండింటికే వెళ్లేలా చూడండి. పాతవి ట్యాక్స్ చూసుకుని నిదానంగా తగ్గించుకోవచ్చు.

నిమ్మళం:
షేరు గురించి అన్నయ్యగారికి ఒక మాట. 40 శాతం పడిన షేరు కొన్న రేటుకి రావాలంటే 67 శాతం దాకా పెరగాలి. మీరు ఎంతకు కొన్నారో ఆ కంపెనీకీ తెలియదు, మార్కెట్‌కీ తెలియదు. ఆ నంబరు మీ యాప్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

లాభంలో ఉన్నవి తొందరగా అమ్మేసి, నష్టంలో ఉన్నవి పట్టుకు కూర్చునే ఈ అలవాటు గురించి షెఫ్రిన్, స్టాట్‌మన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు 1985లోనే పేపర్ రాశారు. అంటే మీరొక్కరే కాదు, లోకమంతా ఇంతే.

నేనైతే ఒకటే అడుగుతా: ఈ షేరు మీ దగ్గర లేదు, దాని ఇప్పటి విలువంత డబ్బు చేతిలో ఉంది. ఇవాళ ఇదే షేరు కొంటారా? కొంటానంటే కారణం రాసి పెట్టుకుని ఉంచుకోండి. కొననంటే యావరేజ్ చేసే మాటే లేదు. "ఎప్పటికైనా వస్తుందిలే" అనుకుంటే, జపాన్ నిక్కీ ఇండెక్స్ 1989 డిసెంబర్‌లో తాకిన గరిష్ఠాన్ని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. డివిడెండ్లు కలిపితే కాస్త ముందే కోలుకుందనుకోండి. అయినా అది ఇండెక్స్, పడిపోయిన కంపెనీని తీసేసి కొత్తది పెట్టుకుంటుంది. ఒంటరి షేరుకి ఆ సౌకర్యం లేదు.

రేపటిమాట:
మూడో దాంట్లో మేడమ్‌దే కరెక్ట్. 2007 అక్టోబర్ నుంచి 2009 మార్చి దాకా ఎస్‌అండ్‌పీ 500 సగానికి పైగా పడింది, పాత స్థాయికి వచ్చేసరికి 2013 అయింది. ఇల్లు అమ్మేవాళ్లు అప్పటిదాకా ఆగరు.

అన్నగారి మాటలోనూ నిజముంది. వడ్డీ 3 శాతం, ధరలు 5 శాతం చొప్పున పెరిగితే పదేళ్లలో ఆ డబ్బు కొనుగోలు శక్తి 17 శాతం దాకా పోతుంది. రెండేళ్లకైతే 4 శాతం లోపే. దాని కోసం సగం పోయే రిస్క్ ఎందుకు? ఇల్లు కొనే తేదీకి ముందే మెచ్యూర్ అయ్యే డిపాజిట్లో వేసుకుంటే వడ్డీ కాస్త మెరుగ్గా ఉండొచ్చు. డిపాజిట్ ఇన్సూరెన్స్ (బ్యాంకు మునిగితే మన డబ్బుకు ఉండే బీమా) పరిమితి ఎంతో చూసుకుని, దాటితే రెండు బ్యాంకులకు పంచండి.

మనీ మార్కెట్ ఫండ్లు (కొద్దికాలపు అప్పుల్లో పెట్టే ఫండ్లు) సేవింగ్స్ అకౌంట్‌తో సమానం అని ఎవరైనా అంటే పూర్తిగా నమ్మకండి. 2008లో లీమన్ బ్రదర్స్ అనే పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు కుప్పకూలినప్పుడు అమెరికాలో రిజర్వ్ ప్రైమరీ ఫండ్ యూనిట్ ఒక డాలర్ నుంచి 97 సెంట్లకు జారింది, మదుపరులు డబ్బు కోసం ఎదురుచూడాల్సొచ్చింది. అరుదే, కానీ ఇంటి డబ్బు కదా.

లెక్కలమ్మ:
అందరికీ థాంక్స్. ఆయన చదివారు. అమ్మడం గురించి ఆలోచిస్తారట, యావరేజ్ మాత్రం చేయరట. అంతవరకు గెలిచినట్టే. ఇప్పుడు కొత్త పాయింటు తీశారు: "ఫండ్లు తగ్గించడమెందుకు, కొత్త ఫండ్ వచ్చింది, యూనిట్ పదికే ఇస్తున్నారు, మన పాతది 250 ఉంది, చవగ్గా కొందాం" అని. నేనేమో పాత యూనిట్లకు ఎగ్జిట్ లోడ్ (గడువు లోపే అమ్మితే పట్టుకునే ఫీజు) ఉందా అని వెతుకుతున్నా.

పాతకాపు:
పది వేలు పెట్టి 10 యూనిట్ రేటుకి కొన్నా, 250 రేటుకి కొన్నా, లోపలి షేర్లు 12 శాతం పెరిగితే రెండు చోట్లా 11,200 అవుతుంది. చేతికొచ్చే యూనిట్ల సంఖ్యే వేరు. పైగా కొత్త ఫండ్‌కి చూడ్డానికి పాత రికార్డే లేదు.

ఎగ్జిట్ లోడ్ ఫండ్ మొత్తానికి ఒకేలా పడదమ్మా, ఏ విడత యూనిట్లకి ఆ విడత కొన్న తేదీ నుంచే లెక్క. విడతలుగా కట్టి ఉంటే పాత విడతలకు గడువు దాటే ఉండొచ్చు. చాలాచోట్ల ముందు కొన్నవే ముందు అమ్మినట్టు లెక్కేస్తారు. స్టేట్‌మెంట్‌లో తేదీలు చూసి, లోడ్ లేనివరకే ముందు తీయండి.