ప్రశ్నలో ఉద్యోగం, జవాబులో ఉపాధి

డెస్కు మనిషి:
గ్రూపులో పెద్దలు ఒక అనువాదపు తగాదా తీర్చాలి. నేను పత్రికలో ఢిల్లీ వార్తలు తెలుగు చేస్తుంటాను. పార్లమెంటు సమావేశాలు మొదలైతే సమాధానాల కట్టలు వచ్చిపడతాయి. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్రం గుర్తు ప్రశ్నలు, 230 గుర్తు లేనివి. నక్షత్రం ఉన్నదానికి మంత్రి లేచి నోటితో చెప్పాలి, ఆ పైన అనుబంధ ప్రశ్నలు కాచుకోవాలి. గుర్తు లేనిదానికి కాగితం ఇస్తే సరిపోతుంది. ఉద్యోగాల మీద ఒక్క ప్రశ్న కూడా లేని సమావేశం నాకు గుర్తులేదు.

ఈ ప్రశ్నల్లో ఒక తమాషా చూస్తున్నాను. సభ్యులు అడిగేది జాబ్స్ గురించి. జవాబులో ఆ మాట దాదాపు కనపడదు, మొదటి నుంచి చివరిదాకా ఎంప్లాయ్‌మెంటే. ప్రభుత్వం ఈమధ్య తరచూ చెప్పే లెక్క ఒకటుంది. రిజర్వ్ బ్యాంకు సమాచారం ప్రకారం దేశంలో ఎంప్లాయ్‌మెంట్ 2014-15లో 47.15 కోట్లు, 2023-24లో 64.33 కోట్లు. నేను 'ఉపాధి పొందుతున్నవారు' అని రాసి పంపాను. పేజీలో వచ్చేసరికి అది '17 కోట్ల కొత్త ఉద్యోగాలు' అయింది. అడిగితే హెడ్డింగ్‌లో చోటు చాల్లేదన్నారు. ఉపాధి, ఉద్యోగం, రెండూ మూడక్షరాలే. లెక్కపెట్టాను.

రెండు మాటలకీ తేడా ఉందా లేదా చెప్పండి. నేను అనవసరంగా టెన్షన్ పడుతున్నానేమో.

ఢిల్లీలో చదువుకుంటున్న కుర్రాడు:
అన్నా, ఇక్కడ హిందీవాళ్ల దగ్గర ఆ మాట వాడి నవ్వులపాలయ్యాను. హిందీలో ఉపాధి అంటే డిగ్రీ, బిరుదు. నాకింకా ఉపాధి దొరకలేదు అని చెప్పాను, కాన్వొకేషన్ ఎప్పుడని అడిగాడు మా రూమ్మేట్. అప్పటినుంచి మా హాస్టల్ తెలుగువాళ్ల జోకు ఒకటే: ఉపాధి ఉంది, ఉపాధి లేదు.

వాళ్లకి ఉద్యోగ్ అంటే పరిశ్రమ, పరిశ్రమ్ అంటే ఒళ్లు వంచి కష్టపడటం. మనకి ఉద్యోగమంటే నెల జీతం, పరిశ్రమ అంటే ఫ్యాక్టరీ. గుజరాతీ స్నేహితుణ్ణి అడిగితే వాళ్లలో ఉపాధి అంటే తలనొప్పి, చికాకు అన్నాడు. ఆధి, వ్యాధి, ఉపాధి అని మూడూ కలిపి అంటారట.

రిటైర్డ్ సంస్కృతం మాస్టారు:
గుజరాతీవాళ్లు మరీ తప్పులో లేరు నాయనా! వేదాంతంలో ఉపాధి అంటే పరిమితి తెచ్చిపెట్టేది. కుండ ఉన్నంతసేపు లోపలి ఆకాశం వేరు, బయటి ఆకాశం వేరు అనిపిస్తుంది. అక్కడ కుండే ఉపాధి. శరీరాన్నీ ఉపాధి అంటారు. స్వాములవారు ఉపాధి వదిలారంటే రాజీనామా చేశారని కాదు. ఒంటిని నిలబెట్టే తిండి, ఆ తిండి తెచ్చే పని అనే దారిలోనే తెలుగులో దానికి జీవనాధారం అన్న అర్థం స్థిరపడిందని నేను అనుకుంటాను.

ఇక ఉద్యోగం. సంస్కృతంలో దానికి జీతంతో పనిలేదు. పూనిక, ప్రయత్నం. ఉద్యోగినం పురుషసింహముపైతి లక్ష్మీః అన్నాడంటే గుమస్తా దగ్గరికి లక్ష్మి నడిచొస్తుందని కాదుగా. తిక్కన తెనిగించిన పదిహేను పర్వాల్లో ఉద్యోగపర్వం ఒకటి. అందులో రాయబారాలు, యుద్ధ సన్నాహాలే తప్ప ఎవరికీ నౌకరీ రాదు.

ఇప్పుడు అసలు విషయం. వ్యుత్పత్తి ప్రకారం నిరుద్యోగి అంటే ప్రయత్నం చేయనివాడు. పని దొరకనివాడికి ఆ పేరు పెట్టి మనం అన్యాయమే చేశాం.

డెస్కు మనిషి:
మాస్టారూ, మీరన్నది సర్వే లెక్కలో సరిగ్గా తిరగబడింది! శ్రామికశక్తి మీద కేంద్రం చేసే పీఎల్ఎఫ్ఎస్ సర్వేలో నిరుద్యోగి అనిపించుకోవాలంటే పని వెతుక్కుంటూ ఉండాలి, లేదా దొరికితే చేయడానికి సిద్ధంగా ఉండాలి. విసిగిపోయి వెతకడం మానేసి, దొరికినా చేయనన్నవాడు నిరుద్యోగి కాడు. అతను శ్రామికశక్తి లెక్కలోంచే బయటికి పోతాడు. అంటే ప్రయత్నమో, కనీసం సిద్ధపడటమో ఉన్నవాడే నిరుద్యోగి. ఈ లెక్కలో 2017-18లో నిరుద్యోగం 6.1 శాతం, 2023-24లో 3.2 శాతం.

అటువైపు, పనిలో ఉన్నవాళ్ల లెక్క ఇంకా వెడల్పు. వారం లెక్కలో ఏదో ఒకరోజు ఒక్క గంట పనిచేసినా పనిలో ఉన్నట్టే. ఏడాది లెక్కలోనైతే అసలు పని కాకపోయినా, అనుబంధంగా 30 రోజులు చేసినా చాలు. నాన్న కిరాణా కొట్లో జీతం లేకుండా కూర్చునే కొడుకూ అందులో ఉంటాడు. 2023-24లో పనిలో ఉన్నవారిలో 58.4 శాతం స్వయం ఉపాధివాళ్లు, నెల జీతగాళ్లు 21.7 శాతం. అడిగిన సభ్యుడి మనసులో ఉన్నది ఈ రెండో అంకె. జవాబులో వచ్చేది అందరి మొత్తం. జవాబు అబద్ధం కాదు, మాట మారింది. ఇంగ్లిష్‌లో ఆ మార్పు కనపడుతుంది, మనం రెంటినీ ఉద్యోగాలు అనేసి దాన్ని తుడిచేస్తున్నాం.

అనంతపురం టీచరమ్మ:
మీ వాదన బాగుంది సార్, కానీ మా పల్లెలో చెల్లదు. మా ఊళ్లో ఉపాధి అంటే ఒకటే, ఉపాధి హామీ పని. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం మొదలైంది మా జిల్లా బండ్లపల్లిలోనే. అంతకుముందు కరువు పని అనేవాళ్లు, ముసలోళ్లు ఇప్పటికీ అదే అంటారు. ఎక్కడికి పోతాండారని అడిగితే 'ఉపాధికి' అంటారు. గడ్డపార, తట్ట, మస్టరు, ఇంకా పడని డబ్బులు, ఇదంతా ఆ ఒక్క మాటలో ఉంది. 64 కోట్ల మందికి ఉపాధి అని మీరు రాస్తే, మా అవ్వ ఇంతమంది మట్టి పనికి పోతాండారా అంటుంది.

కరీంనగర్ మిత్రుడు:
మా దిక్కు కొలువు అంటరు గదా. రాజు కొలువు, బొమ్మల కొలువు, సర్కారు కొలువు, అన్నీ అదే మాట. కొత్త మంత్రివర్గం కొలువుదీరింది అని మీరే రాస్తరు, పిల్లలు కొలువుల కోసం ధర్నా చేసిన్రు అనీ మీరే రాస్తరు. కొలుచుడు అంటే సేవ చేసుడు, కొలత చూసుడు గూడా. సభల కూసున్నోళ్లు కొలువుల సంగతి అడిగితే కొలతలు చెప్తున్నరన్న మాట.

ఇంకోటి. తెలంగాణ ఉద్యమంల నీళ్లు, నిధులు, నియామకాలు అన్నం. ఉపాధి అనలే, ఉద్యోగాలు అని గూడా అనలే. ప్రాస కోసమే గావచ్చు, కానీ నియామకం అంటే ఆర్డర్ చేతిల వడాలె. దాన్ని ఏ సర్వే సాగదీయలేదు.

డెస్కు మనిషి:
నియామకం! ఇది నాకు తట్టలేదన్నా. ఒక చిక్కుంది గానీ. ప్రైవేటు కంపెనీలో చేరినదాన్ని నియామకం అంటే మావాళ్లు సర్కారు నోటిఫికేషన్ అనుకుంటారు.

ఢిల్లీ కుర్రాడు:
కాంపిటీటివ్‌నెస్‌కి పత్రికల్లో రాసే పోటీతత్వం అనే మాటని కూడా ఒకసారి తేల్చండి మాస్టారూ. ఆర్థిక వ్యవస్థ పోటీతత్వం అని చదివితే దేశం పక్కింటివాళ్ల మీద కుళ్లుకుంటున్నట్టుంది.

సంస్కృతం మాస్టారు:
పోటీ సామర్థ్యం అంటే సరిపోతుంది. తత్వం అతికిస్తే ప్రతిదీ స్వభావమే అవుతుంది. ఇక జవాబుల భాష సంగతి కూడా ఒకటి చెప్పాలి. శాసనసభ కాగితాల్లో 'ప్రశ్న ఉత్పన్నం కాదు' అనే వాక్యం చూసే ఉంటారు. మొదటి భాగానికి 'లేదండి' అని చెప్పేస్తే, తక్కినవాటికి ఇదే జవాబు. అడిగినాయన ఎదురుగా కూర్చునుండగానే ఆయన ప్రశ్న పుట్టలేదనడం నాకు ఎప్పుడూ వింతే. ఇంతకీ డెస్కు బాబూ, ఏం రాస్తావు?

డెస్కు మనిషి:
టీచరమ్మగారి అవ్వ మాట విన్నాక ఉపాధి మీద పంతం వదిలేశాను. ప్రశ్నలో జాబ్స్ ఉంటే ఉద్యోగాలు. జవాబులో ఎంప్లాయ్‌మెంట్ ఉంటే 'పనిలో ఉన్నవారు'. వాక్యం కాస్త సాగుతుంది, సాగనీ. నెల జీతగాళ్ల అంకె జవాబులో విడిగా ఇస్తే దాన్ని మొదటి పేరాలోకి తెస్తాను. హెడ్డింగ్ నా చేతిలో లేదు. కోసేస్తే కటింగ్ తెచ్చి ఇక్కడే పెడతాను.

అనంతపురం టీచరమ్మ:
పెట్టండి సార్. అవ్వకు చదివి వినిపిస్తా.