కొవ్వు హార్మోన్లు షుగర్‌కి కారణమా, గుర్తు మాత్రమేనా?

గోదారిగట్టు:
మా నాన్నగారు 58 కిలోలు, రివటలా ఉంటారు. చొక్కా విప్పితే మాత్రం గిన్నె బోర్లించినట్టు చిన్న బొజ్జ. నలభై రెండో ఏటే షుగర్ వచ్చింది. మా బాబాయి 96 కిలోలు, పెళ్లి భోజనంలో మూడోసారి బొబ్బట్టు వేయించుకునే రకం. ఆయనకి షుగర్ నార్మల్! మొన్న ఒక ల్యాబ్ వాళ్లు ఫోన్ చేసి లెప్టిన్, అడిపోనెక్టిన్ టెస్టుల ప్యాకేజీ ఉందన్నారు. కొవ్వు నుంచి వచ్చే హార్మోన్లే షుగర్ తెస్తాయట. నిజమా, అమ్మకం మాటా?

ఎండోప్రియుడు:
అమ్మకం సంగతి అలా ఉంచండి, మాట నిజమే. ఒకప్పుడు కొవ్వంటే సరుకు దాచుకునే గాదె అనుకునేవారు. 1994లో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ (కొవ్వు నుంచి వచ్చి ఆకలి తగ్గించే హార్మోన్) జన్యువును పట్టుకున్నాక ఆ లెక్క మారిపోయింది. ఇక అడిపోనెక్టిన్ ఇన్సులిన్ పని తేలిక చేస్తుంది. చిత్రమేంటంటే, కొవ్వులోనే తయారయ్యే ఈ హార్మోన్ ఒళ్లు పెరిగేకొద్దీ తగ్గుతుంది. తెల్లవాళ్లతో పోలిస్తే మన దక్షిణాసియా వాళ్లలో ఎటూ తక్కువే. మీ నాన్నగారి కిటుకు అక్కడుంది.

మూడిడ్లీలు_చాలు:
తక్కువగా ఉండటం వేరు, కారణం కావడం వేరు బ్రో. ఇల్లు కాలితే పొగ మీద కేసు పెడతామా? రెసిస్టిన్ అనే హార్మోన్ గుర్తుందా? 2001లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు ఎలుకల్లో కనిపెట్టి, ఊబకాయానికీ షుగర్‌కీ లంకె దొరికిందన్నారు. తీరా చూస్తే మనుషుల్లో అది ఎక్కువగా వచ్చేది కొవ్వు కణాల నుంచి కాదు, మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాల నుంచి. 2013లో ఒక జన్యు విశ్లేషణ కూడా వచ్చింది. పుట్టుకతో అడిపోనెక్టిన్ తక్కువుండే జన్యువులున్నంత మాత్రాన షుగర్ ముప్పు పెరిగినట్టు అందులో తేలలేదు.

ఎండోప్రియుడు:
అదే ఏడాది అడిపోనెక్టిన్‌కీ ఇన్సులిన్ పనితీరుకీ సంబంధం ఉందన్న విశ్లేషణ కూడా వచ్చింది, అది వదిలేశారే! సరే, లైపోడిస్ట్రఫీకి ఏమంటారు? ఒంట్లో కొవ్వే సరిగా లేనివాళ్లకి భయంకరమైన షుగర్. లెప్టిన్ ఇంజెక్షన్ ఇస్తే దిగుతుంది. 2014లో అమెరికాలో ఆ మందుకి అనుమతిచ్చారు. ఎక్కించింది కొవ్వు కాదండీ, హార్మోన్.

మూడిడ్లీలు_చాలు:
ఇది గట్టి పాయింటే, ఒప్పుకుంటా. కానీ వాళ్లకి షుగర్ ఎందుకొస్తుంది? కొవ్వు దాచడానికి చోటు లేక అది కాలేయంలో, కండరాల్లో చేరుతుంది. లెప్టిన్ ఇస్తే ఆకలి తగ్గి, ఆ కొవ్వు కూడా కరిగింది. మామూలు షుగర్ వాళ్లలో లెప్టిన్ కావలసినంత ఉంటుంది, ఇంకా ఇచ్చినా ఒరిగేదేం లేదు.
ఇంకోటి. 2004లో 15 మంది లావుపాటి ఆడవాళ్లకి కొవ్వు పీల్చేసే లైపోసక్షన్‌తో పొట్ట చర్మం కింది కొవ్వు దాదాపు పది కిలోలు తీసేశారు. ఇన్సులిన్ పనితీరు ఇసుమంత కూడా బాగుపడలేదు.

ఎండోప్రియుడు:
అడిపోనెక్టిన్ కూడా కదల్లేదు ఆ స్టడీలో. నా మాటే చెప్పారు, థాంక్స్ :)

మందులషాపు:
మీ ఇద్దరికీ పనికొచ్చేది ఒకటి రోజూ అమ్ముతాను. పియోగ్లిటజోన్ అనే షుగర్ మందు. షుగర్ తగ్గుతుంది, ఒళ్లు మాత్రం వస్తుంది. కొవ్వు కాలేయం వదిలి చర్మం కిందికి చేరుతుంది, అడిపోనెక్టిన్ కూడా పెరుగుతుంది. ఏది ముందో మీరే తేల్చుకోండి. (2013లో దీన్ని మన దేశంలో ఆపేసి, కొన్ని వారాలకే మళ్లీ వదిలారు. ఆ నెలంతా కౌంటర్ దగ్గర నాకు ఒకటే టెన్షన్.)

మూడిడ్లీలు_చాలు:
కొవ్వు చేరే చోటే ముందంటాను. గోదారిగట్టు గారూ, పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ కలిసి దిగిన ఫొటో 2004లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మనాయనకి 21.2. మీ నాన్నగారు ఆ ఫొటోలో మనిషే. బాబాయికి కొవ్వు తొడల్లో, పిరుదుల్లో సర్దుకుని ఉంటుంది.

ఎండోప్రియుడు:
చోటు తప్పిందని ఒంటికి కబురు మోసేది ఎవరు మరి? నేను హార్మోన్ దగ్గరే ఉన్నా. అయినా ఆ ప్యాకేజీ మాత్రం వద్దండీ. రిపోర్టులో అంకె ఏదొచ్చినా మందు మారదు.

గోదారిగట్టు:
పక్కింటి టైలర్ టేపు తెచ్చి కొలిచాను. నాన్నగారి నడుము 94 సెంటీమీటర్లు. మన మగవాళ్లకి 90 దాటకూడదట కదా. బాబాయిని అడిగితే, పండగ వెళ్లాక చూద్దాంలేరా అన్నాడు.