నేను ఎప్పుడూ నొక్కని మీట ఆన్‌లో ఉంది: మొబైల్ కంపెనీకి మన బ్రౌజింగ్ ఎంతవరకు కనిపిస్తుంది?

వెన్నెలవాకిలి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా ఒక విషయం మనసును తొలిచేస్తోంది. తెలిసినవారు చెబుతారని అడుగుతున్నాను.

అమ్మకు చేతులు వణకడం మొదలైంది. డాక్టరును కలిసేలోపు రాత్రిళ్లు ఫోనులో దాని గురించి చదివాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, అమ్మకైతే అసలే తెలియనివ్వలేదు. ప్రతిసారీ ఇన్‌కాగ్నిటోలోనే తెరిచాను, అదీ మొబైల్ డేటా మీద. కొన్నాళ్లకు వృద్ధుల సంరక్షణ కేంద్రాల ప్రకటనలు వరసగా రాసాగాయి.

అనుమానం వచ్చి మొబైల్ కంపెనీ యాప్ అంతా వెతికాను. ఖాతా, అందులో గోప్యత, అందులో మరిన్ని ఎంపికలు, ఆ పేజీ అట్టడుగున ఒక వాక్యం. నేను చూసే వెబ్‌సైట్లు, వాడే యాప్‌ల సమాచారాన్ని బట్టి నాకు తగిన ఆఫర్లు చూపడానికి అంగీకరిస్తున్నానట. పక్కన మీట ఆన్‌లో ఉంది. ఆ వాక్యాన్ని నేను చదవడం అదే మొదటిసారి. అంగీకారం మాత్రం ఎప్పటినుంచో నా పేరు మీద నడుస్తోంది.

కంపెనీకి నిజంగా ఏమేమి కనిపిస్తాయి? ఇన్‌కాగ్నిటో ఎందుకు ఆపలేకపోయింది? ఇప్పుడు నేను ఏమి చేయాలి?

తీగలపని

పదకొండేళ్లు నెట్‌వర్క్ నిర్వహణలో పనిచేశాను. నాకు తెలిసినది చెబుతాను.

ఇన్‌కాగ్నిటో మీ ఫోనులో చరిత్ర మిగలకుండా చూస్తుంది, అంతవరకే. ఫోను నుంచి టవర్ మీదుగా బయటికి వెళ్లే దారిలో దానికి పాత్ర లేదు.

సైటు హెచ్‌టీటీపీఎస్ మీద, అంటే ఫోనుకు సైటుకు మధ్య సమాచారాన్ని గుప్తంగా పంపే పద్ధతి మీద నడుస్తుంటే (ఇప్పుడు దాదాపు అన్నీ అలాగే నడుస్తున్నాయి) మీరు ఏ పేజీ చదివారో, ఏమి టైపు చేశారో కంపెనీకి తెలియదు. సైటు పేరు మాత్రం రెండుచోట్ల బయటపడుతుంది. ఫోను ముందుగా ఆ పేరుకు ఐపీ చిరునామా (నెట్‌లో ఆ సైటుకు ఉండే సంఖ్య) ఏమిటని డీఎన్‌ఎస్ సర్వర్‌ను అడుగుతుంది. మీరు మార్చకపోతే మామూలుగా ఆ సర్వర్ కంపెనీదే, ప్రశ్న కూడా తెరిచిన కాగితంలా వెళుతుంది. ఆ తర్వాత సైటుతో సంబంధం కలిపే మొదటి సందేశంలో ఎస్‌ఎన్‌ఐ అనే గడిలో అదే పేరు మళ్లీ కనిపిస్తుంది. దాన్ని కూడా దాచే ఈసీహెచ్ అనే పద్ధతి వచ్చింది కానీ ఇంకా అన్ని సైట్లలో లేదు.

పేరొక్కటే కదా అనుకోకండి. నేను చూసిన లాగ్‌లలో ఒక వరుసలో ఉండేది ఇంతే: సమయం, ఫోనుకు ఇచ్చిన సంఖ్య, సైటు పేరు, ఎంత డేటా. మీ విషయంలో ఊహించి రాస్తున్నాను, నొచ్చుకోవద్దు. రాత్రి 1:12కు నాడీ వ్యాధుల సైటు. 1:31కి మళ్లీ అదే. 1:50కి ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల సైటు. మరునాడు 12:40కి రోగుల కుటుంబాలు మాట్లాడుకునే చోటు. ఏ పేజీ చదివారో ఇందులో ఎక్కడా లేదు. అయినా మీ ఇంట్లో ఏమి జరుగుతోందో చెప్పడానికి ఈ నాలుగు వరుసలు సరిపోవా?

ఒక్కమాట. ఆ ప్రకటనలు మొబైల్ కంపెనీ వల్లే వచ్చాయని ఖాయంగా చెప్పలేం. సెర్చ్ సంస్థ, ఆ సైట్లలోని ట్రాకర్లు, ఫోనులోని యాప్‌లు, వీటిలో ఏదైనా కావచ్చు. మీ అనుమతి లేని మీట ఆన్‌లో ఉండటం మాత్రం అనుమానం కాదు, మీరు కళ్లారా చూసినది.

పాతకాగితాలు

ఇది జరిగే పనేనా అని సందేహం ఉన్నవారికి అమెరికా సంగతి ఒకటి చెప్పాలి. వెరైజన్ అనే మొబైల్ కంపెనీ 2012 డిసెంబరు నుంచి తన ఖాతాదారుల ఫోన్ల నుంచి వెళ్లే, హెచ్‌టీటీపీఎస్ లేని ప్రతి వెబ్ అభ్యర్థనలో ఒక గుర్తింపు సంఖ్యను దారిలోనే చేర్చింది. అది ఫోనులో ఉండదు, కాబట్టి కుకీలు (సైట్లు మనల్ని గుర్తుపట్టడానికి ఫోనులో పెట్టే చిన్న ఫైళ్లు) తుడిచినా పోదు. జనం దానికి సూపర్‌కుకీ అని పేరు పెట్టారు. విషయం 2014లో గానీ బయటికి పొక్కలేదు. టర్న్ అనే ప్రకటనల సంస్థ, ఖాతాదారులు తుడిచేసిన తన కుకీలను ఈ సంఖ్య సాయంతో మళ్లీ బతికిస్తోందని 2015 జనవరిలో తేలింది. అన్నిటికంటే నన్ను బాధించినది వేరే ఉంది. వద్దని ఆప్షన్ పెట్టుకున్నవారికి కూడా మొదట్లో ఆ సంఖ్య వెళుతూనే ఉండేది. 2016 మార్చిలో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 13.5 లక్షల డాలర్ల జరిమానాతో వ్యవహారం తేల్చింది.

అదే ఏడాది అక్టోబరులో బ్రౌజింగ్ చరిత్రను వాడుకోవాలంటే ముందుగా అనుమతి అడగాలని ఎఫ్‌సీసీ నిబంధన తెచ్చింది. 2017 ఏప్రిల్‌లో, అది పూర్తిగా అమల్లోకి రాకముందే, రద్దయిపోయింది.

సూటిమాట

నాకు ఇంత ఆందోళన అర్థం కావడం లేదు. ప్రకటనలు ఎలాగూ వస్తాయి, పనికొచ్చేవి వస్తే మంచిదే కదా. తప్పు చేయనివారికి భయం ఎందుకు?

వెన్నెలవాకిలి

సూటిమాట గారూ, అమ్మ జబ్బు గురించి చదవడం తప్పని నేనూ అనుకోవడం లేదు. ఆ మాట ముందుగా ఎవరికి చెప్పాలో నేను నిర్ణయించుకోవాలి. అమ్మకే చెప్పని సంగతి ప్రకటనలు అమ్ముకునేవారికి తెలియడం ఏమి న్యాయం?

సెర్చ్ సైటు నచ్చకపోతే ఇంకొకటి వాడతాను. టవర్ సంగతి అలా కాదు. ఏ యాప్ తెరిచినా దారి అదే. సిమ్ తీసుకున్నప్పుడు నా అసలు పేరు, గుర్తింపు పత్రం, చిరునామా వారికే ఇచ్చాను. పైగా నెలనెలా డబ్బు కడుతున్నాను.

తీగలపని

ఇక చేయాల్సినవి. ముందుగా ఆ మీట ఉన్న పేజీని స్క్రీన్‌షాట్ తీసి, ఆ తర్వాతే ఆపండి. ప్లాన్ మార్చినా, సిమ్ మార్చినా మళ్లీ వెళ్లి చూడండి.

ఆండ్రాయిడ్ 9 నుంచి నెట్‌వర్క్ సెట్టింగులలో ప్రైవేట్ డీఎన్‌ఎస్ అనే ఎంపిక ఉంది. మీరు నమ్మే డీఎన్‌ఎస్ సేవ పేరు అక్కడ ఇస్తే ఆ ప్రశ్నలు రహస్యంగా వెళతాయి. పైన చెప్పిన రెండు చోట్లలో ఒకటి మూసుకుపోతుంది, ఎస్‌ఎన్‌ఐ మిగిలే ఉంటుంది.

వీపీఎన్ (మీ డేటా అంతా గుప్తంగా ఇంకొకరి సర్వర్ మీదుగా పంపే సేవ) పెడితే కంపెనీకి ఆ వీపీఎన్ సర్వర్ చిరునామా, డేటా ఎంతన్నది తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. అయితే అంతవరకు కంపెనీ చూసినదంతా ఇకపై వీపీఎన్ నడిపేవారు చూస్తారు. ఉచితంగా ఇచ్చేవాటి జోలికి వెళ్లకండి. సర్వర్లు నడపడానికి ఎవరో డబ్బు పెట్టాలి, అది ఎక్కడినుంచి వస్తుందో ఆలోచించండి.

మీరు ఎక్కడున్నారన్నది వీటిలో ఏదీ దాచలేదు. కాల్ రావాలంటే ఫోను ఏ టవర్ పరిధిలో ఉందో కంపెనీకి తెలియాల్సిందే. జీపీఎస్ ఆపినా అంతే. ఆ సమాచారాన్ని అనుమతి లేకుండా ఇతరులకు అందించారని 2024 ఏప్రిల్‌లో ఎఫ్‌సీసీ నాలుగు అమెరికా మొబైల్ కంపెనీల మీద కలిపి దాదాపు 20 కోట్ల డాలర్ల జరిమానా ప్రకటించింది, వారు కోర్టుకు వెళ్లారు. ఇక్కడ మనం సెట్టింగులతో చేయగలిగింది లేదు, చట్టమే చేయాలి.

వెన్నెలవాకిలి

తీగలపని గారూ, మీ నాలుగు వరుసలు చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. రాత్రి వేళలు దాదాపు అవే.

మీట ఆపాను. డీఎన్‌ఎస్ మార్చాను. తర్వాత అమ్మ ఫోను తీసి చూస్తే అదే మీట, అదే ఆన్. అమ్మ ఆ ఫోనులో పాటలు వింటుంది, నాతో మాట్లాడుతుంది, అంతే. ఏమి చేస్తున్నావని అడిగితే ఆమె పక్కనే కూర్చుని మొత్తం చదివి వినిపించాను. ఆపేయమంది. ఆ సందర్భంలోనే వణుకు గురించి చదువుతున్నానని కూడా చెప్పేశాను. ఆమెకు ముందే అనుమానం ఉందట.

కంపెనీకి మెయిల్ రాశాను. ఈ అంగీకారం ఏ తేదీన, ఎలా తీసుకున్నారు, ఇప్పటివరకు నా సమాచారం ఎవరెవరికి వెళ్లింది, దాన్ని తొలగిస్తారా అని అడిగాను. జవాబు వస్తే ఇక్కడే పెడతాను.