మోడల్ రైలు టర్నౌట్ మోటార్లు సగంలో ఆగిపోతున్నాయి, తక్కువ ధరలో మంచి స్విచ్‌లు ఏవి?

పట్టాలపిచ్చి:
పొద్దుటి నుంచి దీంతోనే కూర్చున్నాను, ఇక ఓపిక లేదు. హెచ్‌ఓ సైజు మోడల్ రైలు లేఅవుట్, మొత్తం 8 టర్నౌట్లు (రైలుని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించేవి), అన్నిటికీ వాటిని కదిలించే పాయింట్ మోటార్లు బిగించాను. డిజిటల్ సంకేతాలతో టర్నౌట్లని నడిపే డీకోడర్లు పెట్టేంత బడ్జెట్ లేదు, అందుకే మామూలు టాగుల్ స్విచ్‌లు తెచ్చి ప్యానెల్ కట్టాను. ఒకసారి సరిగ్గా పడుతుంది, ఇంకోసారి సగంలో ఆగిపోతుంది. క్రాసోవర్ (పక్కపక్క లైన్లని కలిపే జంట టర్నౌట్లు) దగ్గర రెండూ కలిపి వేస్తే అసలు కదలవు. ఒక మోటార్ అయితే చెయ్యి పెట్టలేనంత వేడెక్కి కాలిన వాసన వచ్చింది. ఇంజిన్ కూడా ఒక్కోసారి టర్నౌట్ మీదే ఆగిపోతోంది. స్విచ్‌లు నాసిరకమా? వీటి బదులు ఏవి కొనాలి? ఎవరైనా చెప్పండి ప్లీజ్.

మూడుముక్కలు:
మోటార్ ఏ రకం? ఎన్ని తీగలు? సప్లై ఎంత?

ఫ్రాగ్‌ప్రేమి:
ఇంజిన్ ఆగుతోందన్నారు కదా, ముందు దాని సంగతి చూడండి. ఫ్రాగ్ (టర్నౌట్‌లో రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటి ముక్క) లోహంతో చేసినదైతే టర్నౌట్ ఎటు పడితే అటు వైపు పట్టా కరెంటు దానికి అందాలి. చాలామంది బ్లేడు (టర్నౌట్‌లో అటూ ఇటూ జరిగే పట్టా) పక్క పట్టాకి తాకితే చాలు, కరెంటు అదే వస్తుందనుకుంటారు. ఆ తాకే చోట కాస్త మురికి పట్టినా చాలు, చిన్న ఇంజిన్లు అక్కడే నిలబడిపోతాయి. బ్లేడుతో పాటే మారేలా ఒక మైక్రోస్విచ్ పెట్టండి. మధ్య కాలు ఫ్రాగ్‌కి, మిగతా రెండు కాళ్లు బయటి రెండు పట్టాలకి. ఫ్రాగ్ నుంచి బయటికి వెళ్లే రెండు పట్టాలకీ ఇన్సులేటెడ్ జాయినర్లు (కరెంటు దాటనివ్వని అతుకులు) తప్పనిసరి, లేకపోతే షార్ట్ అవుతుంది. బల్ల కింద అన్నీ బిగించేశాక ఈ పని చేయాలంటే నరకం, కాబట్టి ఇప్పుడే చేసేయండి.

మూడుముక్కలు:
ఆయన అడిగింది స్విచ్‌ల గురించి.

పట్టాలపిచ్చి:
మోటార్‌కి మూడు తీగలండీ. సప్లై 12 వోల్టులు, 1 ఆంపియర్ అడాప్టర్. స్విచ్ ఎటు వేస్తే అటే నిలిచే రకం.

పాతగార్డు:
అసలు సంగతి ఇప్పుడు తెలిసింది. మీ దగ్గరున్నవి మోటార్లు కావు, జంట కాయిల్ సాలినాయిడ్లు, అంటే కరెంటు తగలగానే కడ్డీని లాక్కునే తీగ చుట్టలు. అటు ఒక కాయిల్, ఇటు ఒక కాయిల్, మధ్యలో కామన్ తీగ. దీనికి కరెంటు ఒక్క క్షణం మాత్రమే అందాలి. మీ టాగుల్ ఎప్పుడూ ఏదో ఒక వైపు కరెంటు ఇస్తూనే ఉంటుంది, అందుకే కాయిల్ కాలింది. ముందు అడాప్టర్ తీసేయండి, మిగతావైనా బతుకుతాయి.

కేటలాగు:
మోటార్లు కావంటే ఎలా? అమ్మేవాళ్లు రెండు రకాలనీ పాయింట్ మోటార్లనే రాస్తారు. కొత్తవాళ్లు ఆ పేరే వాడతారు.

పాతగార్డు:
ఒకే పేరు పెట్టడం వల్లే కదండీ ఇవాళ ఒక కాయిల్ పోయింది. నెమ్మదిగా తిరిగే స్టాల్ మోటార్ అయి ఉంటే, నిలిచే రకం టాగుల్‌తోనే పని అయిపోయేది. దానికి రెండు తీగలే, డీపీడీటీ స్విచ్‌తో ప్లస్, మైనస్ తారుమారు చేస్తే అటూ ఇటూ తిరుగుతుంది. చివరికి చేరాక కరెంటు ఉన్నా ఏమీ కాదు. టార్టాయిస్ అనే స్టాల్ మోటార్ లాంటిది 12 వోల్టుల దగ్గర సుమారు 16 మిల్లీ ఆంపియర్లే తీసుకుంటుంది. సాలినాయిడ్ కాయిల్ నాలుగైదు ఓములే ఉండొచ్చు, అంటే 12 వోల్టులకే రెండున్నర, మూడు ఆంపియర్లు లాగుతుంది. 1 ఆంపియర్ అడాప్టర్ అక్కడే చతికిలపడుతుంది. మీవి సగంలో ఆగడానికి కారణం అదే.

మైక్రోసెకను:
ఈ కాయిళ్ల గొడవంతా ఎందుకు, సర్వోలు (చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటార్లు) పెట్టుకోండి. 9 గ్రాముల ఎస్‌జీ90 అయితే చవక. 20 మిల్లీసెకన్లకోసారి 1 నుంచి 2 మిల్లీసెకన్ల పల్స్ ఇస్తే చాలు. ఒక ఆర్డుయినో (ప్రోగ్రామ్ రాసుకునే చిన్న బోర్డు), ఆ పల్స్‌లు పంపే ఒక పీసీఏ9685 బోర్డు ఉంటే 16 సర్వోలు నడుస్తాయి. బ్లేడ్లు నిజం రైల్వేలో లాగా నెమ్మదిగా జరుగుతుంటే ఆ అందమే వేరు. పవర్ పెట్టగానే ఉలిక్కిపడతాయి, దానికీ చిట్కాలున్నాయి, కోడ్ కావాలంటే ఇస్తాను.

మూడుముక్కలు:
8 మోటార్లు ఇప్పటికే బిగించారు.

పాతగార్డు:
సర్వో మంచిదే, కొత్తగా కట్టేవాళ్లకి నేనూ అదే చెబుతాను. ఈయన మాత్రం ఉన్నవి పీకి పారేయక్కర్లేదు. ఇలా చేయండి.

కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్, సీడీయూ, అంటే కరెంటుని కెపాసిటర్‌లో నింపి ఒక్కసారిగా వదిలేది, ఒక్కటి చాలు, 8 టర్నౌట్లకీ అదే. 24 వోల్టుల డీసీ సప్లై, 4700 మైక్రోఫారడ్ 35 వోల్టుల కెపాసిటర్, చార్జింగ్ కరెంటుని అదుపు చేసే ఒక పవర్ ట్రాన్సిస్టర్, డయోడ్, రెండు రెసిస్టర్లు. కెపాసిటర్‌లో నిండే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 12 దగ్గర సుమారు 0.34 జౌళ్లు, 24 దగ్గర 1.35. నాలుగింతలు! అందుకే పాత 12 వోల్టులతో సరిపెట్టుకోవద్దు. క్రాసోవర్‌లో రెండు కాయిళ్లు ఒకేసారి లాగాలి కాబట్టి ఇంకో కెపాసిటర్ సమాంతరంగా కలపండి. ప్లస్, మైనస్ తిరగేశారో, కెపాసిటర్ పేలుతుంది. ఇంకో లాభం, ఎవరైనా బటన్ వదలకుండా పట్టుకున్నా కాయిల్ కాలదు.

స్విచ్‌లంటే, వేలు తీయగానే మధ్యకి వచ్చే రకం టాగుల్, లేదా టర్నౌట్‌కి రెండు పుష్ బటన్లు. అంతకన్నా చవక కావాలంటే ప్యానెల్ మీద ట్రాక్ బొమ్మ గీసి టర్నౌట్‌కి రెండు ఇత్తడి బోల్టులు పెట్టండి, సీడీయూ నుంచి వచ్చే తీగ కొసతో కావాల్సిన బోల్టుని తాకితే పడుతుంది. ఎన్నో పాత క్లబ్ లేఅవుట్లు దీంతోనే నడిచాయి. నాకైతే ఇప్పటికీ ఇదే ఇష్టం.

తీగ లావు కూడా చూడండి. 0.2 చదరపు మిల్లీమీటర్ల తీగ రానూపోనూ 8 మీటర్లుంటే 0.7 ఓము దాకా అదే తినేస్తుంది. కామన్‌కైనా లావుది వేయండి.

చెయ్యి అందే దూరంలో ఉన్న టర్నౌట్లకి అసలు కరెంటే అక్కర్లేదు. స్లైడ్ స్విచ్‌కి స్టీల్ తీగ కట్టి లాగండి. బ్లేడూ జరుగుతుంది, అదే స్విచ్‌తో ఫ్రాగ్ కరెంటూ మారుతుంది.

కేటలాగు:
ఆ తీగ కొస పద్ధతిలో నిప్పురవ్వలొచ్చి బోల్టు నల్లబడుతుంది కదా?

పాతగార్డు:
నల్లబడుతుంది. అప్పుడప్పుడూ ఉప్పు కాగితంతో రుద్దితే సరి.

మైక్రోసెకను:
సర్వోలో నిప్పురవ్వలే ఉండవు.

పట్టాలపిచ్చి:
సీడీయూ కట్టాను, పాత పరికరం తాలూకు 24 వోల్టుల అడాప్టర్ దొరికింది. క్రాసోవర్ రెండూ టక్కున పడుతున్నాయి. కాలిన కాయిల్ మార్చాలి. థాంక్స్ అందరికీ.

ఫ్రాగ్‌ప్రేమి:
ఇంజిన్ ఆగే టర్నౌట్‌లో ఫ్రాగ్ లోహమా, ప్లాస్టిక్కా? చెబితే మైక్రోస్విచ్ ఎక్కడ పట్టించాలో రాస్తాను.