అక్రమ బంగారు తవ్వకాలు: పట్టాల్సింది తవ్వేవాళ్లనా, కొనేవాళ్లనా?

ప్రశ్న:
అమెజాన్ అడవుల్లో అక్రమ బంగారం వెనుక ముఠాలున్నాయి. సైన్యాన్ని దింపి గుంతలు ధ్వంసం చేస్తే ఇది ఆగుతుందా? లేక బంగారం కొనేవాళ్ల మీద పడాలా?

మొదటి జవాబు:
సైన్యమే దిక్కు. తుపాకులతో తిరిగేవాళ్లు కాగితాలకు భయపడరు. పెరూలో అక్రమ తవ్వకాలకు అడ్డా అయిన లా పంపాలో 2019 ఫిబ్రవరిలో బలగాలు దిగాకే కదా వేలమంది ఖాళీ చేశారు.

రెండో జవాబు:
ఖాళీ చేసిన మాట నిజమే. కానీ తవ్వకాలు ఆగలేదు, చుట్టుపక్కల ప్రాంతాలకు పాకాయి. పంపుసెట్లు తగలబెడితే కొత్తవి కొనిచ్చే పెట్టుబడిదారు పట్నంలో క్షేమంగా ఉంటాడు. దాడిలో దొరికేది కూలీలే. బురదలో నిలబడి, బంగారు రేణువులు అంటుకునేలా ఒండ్రులో పాదరసం కలిపి, ఆ ముద్దను కాల్చేటప్పుడు విషపు ఆవిరి పీల్చేదీ వాళ్లే.

బంగారాన్ని ఒకసారి కరిగించి కలిపేస్తే ఏ గుంతలోదో తేల్చడం చాలా కష్టం. అందుకే మొదటిసారి కొనేచోటే పట్టుకోవాలి. బ్రెజిల్‌లో 2013 నాటి చట్టం ప్రకారం, సక్రమంగా తవ్విందేనని అమ్మేవాడు రాసిస్తే చాలు, కొన్నవాడు నిజాయితీగా కొన్నట్టే లెక్క! సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది 2023 ఏప్రిల్‌లో. అప్పటికే, ఆ జనవరిలో, అక్రమ తవ్వకాల దెబ్బ తిన్న యానోమామి ఆదివాసుల ప్రాంతంలో ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. పదేళ్లపాటు దొంగసొత్తుకు దారి తెరిచిపెట్టి, అడవి మీద హెలికాప్టర్లు తిప్పితే ఏం లాభం?

మూడో జవాబు:
కొనేవాళ్లను బిగిస్తే దెబ్బ పైవాళ్లకే తగులుతుందనుకోకండి. సాయుధ ముఠాలకు డబ్బు అందకుండా, బంగారం లాంటి కాంగో ఖనిజాలు ఎక్కడివో కంపెనీలు వెల్లడించాలని 2010లో అమెరికా చట్టం చేసింది. ఎందుకొచ్చిన తలనొప్పి అని చాలామంది అక్కడి సరుకే మానేశారు. అదే ఏడాది సెప్టెంబరులో కాంగో ప్రభుత్వం కూడా తూర్పు ప్రాంతాల్లో తవ్వకాలు నిలిపేసింది, 2011 మార్చి దాకా. ఏ ముఠాతోనూ సంబంధం లేని కూలీల నోటి దగ్గర కూడు పోయింది.

రెండో జవాబు రాసినవారు:
మీరన్నది న్యాయమే. కూలీలకు లైసెన్సులు, పాదరసం అక్కర్లేని పరికరాలు ముందు ఇవ్వాలి. కానీ నేనడిగేది మొత్తం కొనుగోళ్లు ఆపమని కాదు. బ్రెజిల్‌లో ఎలాంటివి బయటపడ్డాయో చూడండి: పర్మిట్ ఉన్న చోట ఉపగ్రహ చిత్రంలో అడవి చెక్కుచెదరలేదు, కాగితాల్లో మాత్రం అక్కడినుంచే బంగారం వచ్చింది. ఆ కాగితం పుట్టించినవాళ్లనూ, చూసీ చూడనట్టు కొన్నవాళ్లనూ అరెస్టు చేయడానికి అడవిలోకి సైన్యం వెళ్లక్కర్లేదు.